నాలుగువందల పదిహేడో కుర్చీ

కూర్చోవడం ఇంత ప్రమాదమని రాజలింగానికి అరవై రెండేళ్లు వచ్చేదాకా ఎవరూ చెప్పలేదు. చెప్పే అవసరమూ రాలేదు. అతనిది నిలబడే బతుకు. నగరం నడిబొడ్డున లష్కర్‌లో బస్సెక్కితే ముప్పావుగంట దూరంలో, నగరం ఇక చాల్లే అనుకుని ఆగిపోయిన చోట, అతని క్షౌరశాల ఉంది. అందులో ఒకటే కుర్చీ. ముప్పై ఎనిమిదేళ్లుగా ఆ కుర్చీలో ఊరంతా కూర్చుంది, అతను తప్ప. నిలబడి నిలబడి పిక్కల మీద నరాలు ముడులు పడి నీలంగా తేలాయి. మంగళవారం సెలవు. ఆ రోజు రెండు కాళ్లూ గోడకెత్తి పెట్టుకుని పడుకునేవాడు. అతనికి తెలిసిన విశ్రాంతి అదొక్కటే.

అతని భార్య కనకవ్వకు ఒక కోరిక ఉంది. చలికాలం సెలవుల్లో నగరంలో పెట్టే ఎగ్జిబిషన్‌కు పోయి, ఆకాశానికి లేచి తిరిగే ఆ పెద్ద రంగులరాట్నం ఎక్కాలని. పెళ్లయిన కొత్తలో అడిగింది. "వచ్చే ఏడు పోదాం" అన్నాడు. ఆ మాట నలభై ఏళ్లు నడిచింది. ఈ ఏడు ఆమె అడగలేదు. ఒక మంగళవారం అన్నం తిని, తల దువ్వుకుని, చెప్పులు తొడుక్కుని గడప బయట నిలబడింది.

"యాడికే?" అన్నాడు రాజలింగం.

"రాట్నం ఎక్కనీకి. ఇయ్యాల ఆఖరి దినమంట. ఒస్తె రా, లేకుంటె కాళ్లు గోడకు వెట్టుకొని పండుకో."

అతను కాళ్లు గోడ మీంచి దించి చొక్కా వేసుకున్నాడు.

వాళ్లు పోయిన చోటి పేరు ఎగ్జిబిషన్ కాదు. అది జనం పెట్టుకున్న పేరు. అసలు పేరు శీతాకాల సాంస్కృతిక మహాసంబరాలు. పదిహేను రోజులు జరుగుతాయి. మైదానంలో ఒక పక్క దుకాణాలు, ఒక పక్క తినుబండారాలు, మూలకు రంగులరాట్నం, నడిమధ్య పెద్ద సభ. సభలో పొద్దుటి నుంచి పాటలు, నాట్యాలు, ఉపన్యాసాలు. దీన్నంతటినీ నడిపించడానికి ఒక ప్రభుత్వ విభాగం ఉంది. దాని బోర్డు చదవాలంటే మధ్యలో రెండుసార్లు ఊపిరి పీల్చుకోవాలి.

కిందటేడు ఆ విభాగానికి ఒక అవమానం జరిగింది. ముఖ్య అతిథి మాట్లాడుతుండగా తీసిన ఫోటో పేపర్లో పడింది. ఫోటోలో అతిథి బాగానే ఉన్నాడు. ఆయన ఎదుట పదకొండు ఖాళీ కుర్చీలు ఇంకా బాగా పడ్డాయి. ఒక సంఘాన్ని వేశారు. సంఘం మూడు నెలలు విచారించి, తప్పు కుర్చీలదేనని తేల్చింది. కుర్చీలు తగ్గిద్దామని ఎవరో గుమాస్తా అన్నాడు. రెండువేల కుర్చీల సంబరం పంతొమ్మిది వందలకు దిగితే సంస్కృతి వంద కుర్చీలు వెనక్కి పోయినట్టు కాదా అని అతన్ని కోప్పడ్డారు. చివరికి ఒక ఉత్తర్వు వచ్చింది: "సంబరాల కాలమందు ఏ కుర్చీయును ఏ క్షణమందును ఖాళీగా ఉండరాదు."

ఒక వాక్యమే. దాన్ని అమలు చేయడానికి పరాంకుశం గారనే పెద్ద అధికారిని నియమించారు. ఆయన హోదా ప్రేక్షక సమన్వయాధికారి.

ఇదేమీ రాజలింగానికి తెలియదు. భార్యాభర్తలు మిరపకాయ బజ్జీలు తిన్నారు. ఇనుపసామాను దుకాణంలో రాజలింగం కొత్త కత్తెర, దువ్వెన, కత్తి, మెడకు కట్టే తెల్లగుడ్డ కొని సంచిలో వేసుకున్నాడు. సెలవు రోజున కూడా పనిముట్లేనా అని కనకవ్వ నవ్వింది. తర్వాత పోయి రంగులరాట్నం వరసలో నిలబడ్డారు. వరస పొడుగ్గా ఉంది. రాట్నం దగ్గర ఒక అట్ట మీద "జంటగా వస్తేనే ఎక్కనిస్తాం, ఆరు గంటలకు బంద్" అని రాసి ఉంది.

నాలుగున్నర అయ్యేసరికి రాజలింగం పిక్కలు పీకడం మొదలుపెట్టాయి.

"నీళ్లు తాగొస్తనే" అన్నాడు.

"జల్ది రా. జంట లేకుంటె ఎక్కియ్యడంట."

నీళ్ల కుళాయి సభ పక్కనే ఉంది. తాగి, మూతి తుడుచుకుని చూస్తే, నాలుగు అడుగుల దూరంలో ఒక వరస చివర ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఒకటి ఖాళీగా కనబడింది. ఆ వరసలో కుర్చీలన్నీ నిండి, అదొక్కటే ఎందుకు ఖాళీగా ఉందో అతను ఆలోచించాల్సింది. కానీ ఆలోచించేది తల. నొప్పి పుట్టింది కాళ్లకు. కూర్చున్నాడు.

"అబ్బా" అన్నాడు.

ఆ అబ్బా పూర్తయ్యేలోపు అతని చొక్కాకు ఒక చీటీ గుచ్చుకుంది. దాని మీద 417 అని ఉంది. గుచ్చినవాడు సన్నగా, పొడుగ్గా, పెద్ద రిజిస్టరు చంకలో పెట్టుకుని ఉన్నాడు. పేరు ఫణిభూషణ్, ఆసనాల గుమాస్తా.

"పేరు?"

"రాజలింగం. ఎందుకు సార్?"

"తండ్రి పేరు? సంతకమా, వేలిముద్రా?"

"రెండు నిమిషాలు కూసొని పోత సార్. మా ఆమె ఆడ నిలవడ్డది."

"పోవడమా?" ఫణిభూషణ్ ఆ మాట మొదటిసారి విన్నట్టు చూశాడు. "తమరు ప్రస్తుతం ప్రేక్షక హోదాలో ఉన్నారు. హోదా ముగియు వరకు ఆసనము విడువరాదు."

"హోదా ఎప్పుడు అయిపోతది?"

"సంబరాలు ముగిసి, కుర్చీలను టెంట్‌హౌస్ వారికి అప్పగించి, వారి వద్ద రసీదు పొందిన పిమ్మట. ఇంచుమించు మూడు పనిదినములు."

"మూడు దినాలా!"

"పనిదినములు" అని సరిదిద్ది, ఫణిభూషణ్ పక్క వరసకు పోయాడు.

రాజలింగం లేవబోయాడు. పక్క కుర్చీలోని మనిషి అతని మోకాలి మీద చెయ్యి వేసి ఆపాడు. ఖాకీ చొక్కా, గడ్డం పెరిగి ఉంది. గడ్డం చూసి ఐదు రోజులదని రాజలింగం లెక్క కట్టాడు.

"లేవకు చాచా. లేస్తె సీటీ కొడ్తరు. నలుగురొచ్చి మల్ల కూసోబెడ్తరు. నేను మూడుసార్లు జూసిన."

"నువ్వెప్పుడొచ్చినవ్ భాయ్?"

"శుక్రారం. ఆటో నడుపుత. నా పేరు గౌస్. ఒక మేడం నా బండిల టిఫిన్ డబ్బా మరిచిపోయింది. ఇద్దామని లోపటికొచ్చి, ఏడున్నదో అని దేవులాడుకుంట జెర్ర కూసున్న."

"మరి డబ్బా?"

"తినేసిన చాచా. శుక్రారం సంది మనిషి ఏం తినాలె?"

"మరి ఒంటికి, రెంటికి?"

"దానికి రూల్ ఉన్నది. మన జాగల కూసోనీకి ఒకడొస్తడు. వాడు కూసున్నంకనే మనం పోవాలె. రెండువేల మందికి వాడొక్కడు. నిన్న మీటింగుల ఒక కుర్సీకి మనిషి తక్కువ వడ్డడని వాణ్ణి గూడ తొమ్మిదివందల ఇరవై నంబర్ల కూసోబెట్టిన్రు."

"ఇప్పుడెట్ల మరి?"

గౌస్ ఆకాశం వైపు చూశాడు.

ఇంతలో మైకులో గొంతు వినిపించింది: "కళాభిమానులారా! ఇప్పుడు పన్నెండుగురు కళాకారిణులచే బృందనృత్యం!" సంగీతం మొదలైంది. రాజలింగం వేదిక వైపు చూశాడు. దీపాలు తిరుగుతున్నాయి. ఎర్ర దీపం పోయి పచ్చ దీపం వస్తోంది. వేదిక మీద మనిషి లేడు.

"ఆడేటోళ్లేరి?"

గౌస్ గడ్డంతో ముందు వరస చూపించాడు. పన్నెండుగురు ఆడపిల్లలు, జడలకు పూలు, కాళ్లకు గజ్జెలు, కళ్లకు ఇంత మందాన కాటుకతో వరసగా కూర్చుని ఉన్నారు. అందరి పట్టు బట్టలకూ చీటీలు గుచ్చి ఉన్నాయి.

"మొన్న పన్నెండు కుర్సీలకు మనుషులు తక్కువైన్రు. పైనుంచి దింపిన్రు. వాళ్ల మాష్టారు కొట్లాడిండు. ఉత్తర్వుల స్టేజీ ఖాళీగ ఉండొద్దని లేదన్నరు. ఆయన గూడ ఆడనే కూసున్నడు, జూడు."

పాట అయిపోయింది. ఒక విజిల్ మోగింది. రెండువేల మందీ ఖాళీ వేదికకు చప్పట్లు కొట్టారు. రాజలింగం ఊరుకున్నాడు.

"నాలుగువందల పదిహేడు! కరతాళము!" అని ఫణిభూషణ్ దూరం నుంచి కేక వేశాడు.

రాజలింగం కొట్టాడు. ముందు వరసలోంచి ఒక అమ్మాయి వెనక్కి తిరిగి, "థాంక్సండీ" అంది. పాపం, ఆ పిల్లకు అలవాటు.

ఐదు గంటలకు పరాంకుశం గారు స్వయంగా వచ్చారు. మనిషిని చూస్తే రాజలింగం ముందు మొహం చూడడు, తల చూస్తాడు. ఈ తల ఖరీదైన చోట కత్తిరించుకున్న తల. కానీ తొందరలో కత్తిరించారు. చెవుల ముందు దిగే కలాల్లో ఎడమది కుడిదాని కంటే అర వేలు కిందికి ఉంది. మీసం కూడా ఎడమ వైపు ఒత్తుగా ఉంది. ఎవరో నేర్చుకునేవాడి పని అనుకున్నాడు రాజలింగం. ఆయన మాటలు తర్వాత విన్నాడు.

"సరిగ్గా ఆరు గంటలకు ముఖ్య అతిథి వర్యులు విచ్చేయుచున్నారు. ఛాయాచిత్రము తీయబడును" అన్నారు పరాంకుశం గారు. "పరిస్థితి ఏమిటి?"

ఫణిభూషణ్ రిజిస్టరు తెరిచాడు. "జంతుప్రదర్శనశాలకు విహారయాత్ర పోవుచున్న బ్యాంకు ఉద్యోగుల బస్సును దారి మళ్లించి ఆసీనులను చేయడమైనది సార్. దుకాణదారులను, బజ్జీలవారిని, కొవ్వొత్తుల పాటలకు వచ్చిన చర్చి బృందమును కూడా. అయినను మూడు కుర్చీలు రిక్తముగా ఉన్నవి. మధ్యాహ్నం ముగ్గురు గోడ దూకినారు."

"సంస్కృతి పట్ల ఇంత విముఖతా!" పరాంకుశం గారు బాధపడ్డారు. "ప్రాంగణములో ఇంకెవరు మిగిలారు?"

"రంగులరాట్నం వరసలో కొందరు, తిప్పేవాడొకడు సార్."

"ఐదున్నరకు రాట్నము ఆపించి అందరినీ తీసుకురండి. ముగ్గురిని కూర్చోబెట్టి, మిగిలినవారిని నిల్వలో ఉంచండి."

రాజలింగం రాట్నం వైపు చూశాడు. రాట్నం ఐదున్నరకే ఆగిపోతుంది. ఆగిపోతే మళ్లీ వచ్చే ఏడే. వచ్చే ఏడు అనే మాట ఇంకోసారి తన నోట వస్తే కనకవ్వ ఏమంటుందో అతనికి తెలియదు. ఏమీ అనదేమోనని అతని భయం.

అప్పుడే సభ చుట్టూ కట్టిన తాడు అవతలి నుంచి ఒక గొంతు వినబడింది.

"ఏం మనిషివయ్య నువ్వు! నీళ్లు తాగొస్తనని వచ్చి పాట కచేరి జూస్కుంట కూసున్నవా?"

కనకవ్వ. నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది.

"కచేరి గాదే, నన్ను పట్టుకున్నరు."

"ఎవలు వట్టుకున్నరు? కుర్సీ వట్టుకున్నదా? నా ఎనక ఉన్న ఆమెను బతిలాడి జాగ ఉంచమని వచ్చిన. ముంగట ఇంక ఎనిమిది జంటలే ఉన్నయ్. లెవ్వు."

ఫణిభూషణ్ మొహం వెలిగిపోయింది. గబగబా వచ్చి ఒక ఖాళీ కుర్చీని తుడిచి చూపించాడు.

"అమ్మా, తమరు అలసిపోయినట్టున్నారు. ఆసీనులు కండి."

"కూసోకు!" అని రాజలింగం అరిచాడు.

నలభై ఏళ్లలో భర్త అరవడం ఆమె వినలేదు. ముందు వరస నాట్యం పిల్లలంతా వెనక్కి తిరిగారు. కనకవ్వ కుర్చీ వైపు చూసింది, గుమాస్తా వైపు చూసింది, భర్త చొక్కా మీది చీటీ చూసింది. ఆమెకు సగం అర్థమైంది. ఆ సగం చాలు.

"నాకు కాళ్లనొప్పులు లెవ్వు బిడ్డా. అవి మా ఇంట్ల ఆయనకున్నయ్" అంది ఫణిభూషణ్‌తో.

"నువ్వు వొయ్యి వరసల నిలవడు" అన్నాడు రాజలింగం. "ఎవలు బతిలాడినా కూసోకు. నేనొస్త."

"ఎప్పుడొస్తవ్? వచ్చే ఏడా?"

జవాబు వినకుండా ఆమె వెళ్లిపోయింది.

 ఐదుంబావు దాటింది. రాజలింగం సంచిలో చెయ్యి పెట్టాడు. కొత్త కత్తెర చేతికి తగిలింది. బయటికి తీశాడు. మంగలి పని చేసేవాళ్లకు ఒక అలవాటుంది. వెంట్రుక లేకపోయినా కత్తెరను గాలిలో ఆడిస్తూ ఉంటారు. ఆ చప్పుడు వింటే కూర్చున్నవాడు తల వంచుతాడు. రాజలింగం కత్తెర ఆడించాడు. కిచ్ కిచ్ కిచ్.

నాలుగు అడుగుల దూరంలో ఉన్న పరాంకుశం గారి చెయ్యి తనంతట తానే చెవి దగ్గరికి పోయింది.

"ఏమిటది?" అన్నారాయన.

"ఏం లేదు సార్. ఫోటో తీస్తరన్నరు గద."

"తీయబడును. అయితే?"

"ఎడమ కలం కిందికున్నది."

పరాంకుశం గారు ఫోను తీసి అందులో మొహం చూసుకున్నారు. ఇటు తిరిగి చూశారు, అటు తిరిగి చూశారు. మొహం మారిపోయింది.

"ఎంత?"

"అర వేలు. ఫోటోల వడితె వేలెడు అయితది. మీసం గూడ ఒక దిక్కే బరువున్నది."

"నీవు..."

"ముప్పై ఎనిమిదేండ్ల సంది ఇదే పని సార్. ఐదు నిమిషాల్ల అయిపోతది."

పరాంకుశం గారు కదిలారు, ఆగారు. "నేడు మంగళవారము. మంగళవారము క్షౌరము నిషిద్ధము కదా."

రాజలింగం కత్తెర ఆపాడు. అతని దుకాణానికి కూడా ఈ రోజు తాళమే. ఇంతలో ఫణిభూషణ్ రిజిస్టరు తిరగేసి గొంతు సవరించుకున్నాడు.

"సార్, సంబరాల పట్టికలో వారములు లేవు. నేడు పదిహేనవ సంబర దినము అని మాత్రమే ఉన్నది. విభాగ రికార్డుల మేరకు ఈ ప్రాంగణములో నేడు మంగళవారము కాదు."

"మంచిది. కానివ్వు" అని పరాంకుశం గారు మెడ ముందుకు చాచారు.

"నిలవడి గీసుకుంటె తెగుతది సార్. కూసోవాలె."

ఆయన ఖాళీగా ఉన్న కుర్చీల వైపు నడిచారు. రాజలింగం కదలలేదు.

"రావేం?"

"నేను లేస్తె ఈ కుర్సీ ఖాళీ అయితది సార్. సార్ వాళ్లు సీటీ కొడ్తరు."

పరాంకుశం గారు ఫణిభూషణ్ వైపు చూశారు. ఫణిభూషణ్ రిజిస్టరులో అంటించిన ఉత్తర్వు వైపు చూశాడు. ఇద్దరూ కాసేపు ఆ ఒక్క వాక్యాన్ని ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి చదివారు.

"కుర్చీ ఖాళీగా ఉండరాదని మాత్రమే ఉన్నది సార్. అందులో ఎవరుండవలెనో లేదు" అన్నాడు గుమాస్తా చివరికి. "తమరు ఇందులో ఆసీనులైతే ఇతడు లేవవచ్చును."

"ఐదు నిమిషాలే కదా" అన్నారు పరాంకుశం గారు.

రాజలింగం లేచాడు. ఆయన కూర్చున్నారు. రెంటికీ మధ్య కుర్చీ రెప్పపాటు కూడా ఖాళీగా లేదని ఫణిభూషణ్ గడియారం చూసి రాసుకున్నాడు. గుమాస్తాయే రాజలింగం చొక్కా మీది చీటీ తీశాడు. రాజలింగం తెల్లగుడ్డ విదిలించి పరాంకుశం గారి మెడకు కట్టాడు. ఎప్పుడూ ఒక ముడి వేసేవాడు, ఈసారి రెండు వేశాడు. ఆ గుడ్డ మీద ఫణిభూషణ్ చీటీ గుచ్చాడు. గుడ్డ కిందినుంచి చెయ్యి బయటికి తెప్పించి సంతకం కూడా తీసుకున్నాడు. తండ్రి పేరు అడిగాడు.

"నా తండ్రి పేరు నీకెందుకయ్యా?"

"గడి ఉన్నది సార్."

రాజలింగం పని మొదలుపెట్టాడు. ఎడమ కలం కత్తిరించాడు. చేతిలో చెంబు లేదు, కుళాయి నీళ్లు దోసిట్లో తెచ్చి మీసం తడిపాడు. ఎడమ వైపు మీసం మీద కత్తి పెట్టాడు. కొత్త కత్తి, వెన్న మీద పోయినట్టు పోయింది. కాస్త ఎక్కువే పోయింది. చూస్తే అటు వైపు మీసం లేదు.

ఆ తర్వాత రాజలింగం ఆగిపోయాడు. ముప్పై ఎనిమిదేళ్లలో ఒక్క మనిషిని కూడా సగంలో వదలలేదు. కరెంటు పోతే లాంతరు పెట్టుకుని ముగించాడు. ఒకసారి గడ్డం సగం అయ్యాక దుకాణం ముందు లారీ బోల్తా పడినా ముగించే బయటికి పోయాడు. కత్తి చేతిలో పట్టుకుని కుడి మీసం వైపు చూశాడు. దూరంగా తిరుగుతున్న రాట్నం వైపు చూశాడు.

"తడి ఆరిపోయింది సార్. నీళ్లు తెస్త" అన్నాడు.

"త్వరగా రా."

"వాపస్ రాకు చాచా" అని గౌస్ పెదవులు కదపకుండా గొణిగాడు.

రాజలింగం కుళాయి దాకా మామూలుగా నడిచాడు. కుళాయి దాటాక పిక్కల సంగతి మరిచిపోయి నడిచాడు. వెనక మాటలు వినబడుతూనే ఉన్నాయి.

"ఐదున్నర కావస్తున్నది. ఫణిభూషణ్! పోయి ఆ రాట్నము ఆపించండి!"

"క్షమించాలి సార్. తమరు ప్రస్తుతం ప్రేక్షక హోదాలో ఉన్నారు. ప్రేక్షకులు ఆదేశములు జారీ చేయరాదు. తమరు సంతకం చేసిన మార్గదర్శకాలలోనే ఆరవ పేరా."

"అయితే నేను లేస్తాను!"

విజిల్ మోగింది.

రాజలింగం పోయేసరికి కనకవ్వ ముందు ఒక్క జంటే ఉంది. ఆమె అతని వైపు తిరగలేదు.

"వచ్చినవా?"

"వచ్చిన."

"ఈ ఏడేనా?"

"ఈ ఏడే."

రాట్నం తిప్పేవాడు తొట్టి ఆపి ఇద్దరినీ చూశాడు. "జంటనా పెద్దమ్మా?"

"నలభై ఏండ్ల సంది. దానికి గూడ చీటీ చూపియ్యాల్నా?" అని కనకవ్వ తొట్టిలోకి ఎక్కి కూర్చుంది. రాజలింగం పక్కన కూర్చున్నాడు. ఇనుప కమ్మీ అడ్డం పడింది. రాట్నం కదిలింది.

మొదటి చుట్టులో కనకవ్వ కళ్లు మూసుకుంది. రెండో చుట్టులో ఒక కన్ను తెరిచింది. మూడో చుట్టులో కమ్మీ వదిలిపెట్టి, కొంగు గాలికి ఎగురుతుంటే నగరాన్ని చూసింది. దీపాలు అప్పుడప్పుడే వెలుగుతున్నాయి. ఫ్లైఓవర్ మీద బండ్లు ఎర్రగా పాకుతున్నాయి.

"మన దుకాణం యాడ ఉంటది?"

"గటు. కనవడది."

"కనవడకపోతె ఏంది. ఉన్నది గద."

ఆఖరి ఆట కదా అని తిప్పేవాడు రాట్నం ఆపలేదు. ఆరు గంటలకు ముఖ్య అతిథి వచ్చాడు. పైనుంచి చూస్తే రెండువేల కుర్చీలు ఎర్ర ధాన్యం ఆరబోసినట్టున్నాయి. నడుమ ఒక తెల్లని చుక్క, 417. అతిథి వెంట ఒక సహాయకుడు, ఒక ఫోటోగ్రాఫరు వచ్చారు. అందరినీ లెక్కపెడితే ముగ్గురు. ఖాళీ కుర్చీలు కూడా మూడే. ఫణిభూషణ్ చేతులు జోడించి ఎదురు పోవడం, కుర్చీలు తుడవడం, ముగ్గురూ మర్యాదకు పొంగిపోయి కూర్చోవడం, ముగ్గురికీ చీటీలు పడటం కనబడింది. మైకులో ప్రకటన వినబడింది: "కళాభిమానులారా! ఇప్పుడు ముఖ్య అతిథి వర్యుల సందేశం!" వేదిక మీద ఎర్ర దీపం పోయి పచ్చ దీపం వచ్చింది. విజిల్ మోగింది. చప్పట్లు ఆకాశానికి లేచాయి. ముఖ్య అతిథి కూడా కొట్టాడు.

ఒక్క కుర్చీ కూడా ఖాళీగా లేదు. ఆ విభాగం చరిత్రలో అంతటి విజయం లేదు. ఫోటో తీసేవాడే లేడు.

"ఆ తెల్లగుడ్డ ఆయన ఎవలు? ఒక దిక్కే మీసమున్నట్టు కొడ్తున్నది" అంది కనకవ్వ, కొంచెం కిందికి వచ్చినప్పుడు.

"ఉన్నదొక దిక్కే."

"నువ్వే గీసినవా? సగంల విడిచిపెట్టొచ్చినవా!" కనకవ్వ అతని మొహంలోకి చూసింది. "నువ్వు!"

రాజలింగం చేతులు చూసుకున్నాడు. "మల్ల దుకాణానికి రమ్మను. ముగిస్త."

ఇంతలో రాట్నం కింద ఒక మనిషి వచ్చి నిలబడ్డాడు. చంకలో రిజిస్టరు. పై అధికారి కుర్చీలో ఉండిపోయాడు కనుక బాధ్యతలన్నీ ఇప్పుడు ఫణిభూషణ్‌వే. అతను తల పైకెత్తి, తిరుగుతున్న తొట్లను చాలాసేపు చూశాడు. తర్వాత తిప్పేవాడిని అడిగాడు.

"ఇవి ఏమిటి?"

"తొట్లు సార్. గండ్ల కూసుంటరు."

"కూర్చుంటారు" అని ఫణిభూషణ్ రాసుకున్నాడు. "అనగా ఇవియును ఆసనములే. వీటికి నంబర్లు వేయలేదేమి?"

అతను వచ్చిన తొట్టికల్లా సుద్దముక్కతో నంబరు వేయడం మొదలుపెట్టాడు. ముందుగా రాజలింగం వాళ్ల తొట్టే వచ్చింది. ఫణిభూషణ్ రాట్నంతో పాటు నాలుగు అడుగులు నడిచి, వాళ్ల తొట్టి మీద 2001, 2002 అని రాశాడు.

"తమరిద్దరూ ప్రేక్షక హోదాలో ఉన్నారు. ఆసనము విడువరాదు. రాట్నము ఆపరాదు" అని కేక వేశాడు. తొట్టి పైకి పోయింది.

 రాజలింగం భార్య వైపు తిరిగాడు. ఏడుస్తుందేమో అనుకున్నాడు. ఆమె కొంగు నడుముకు చుట్టుకుని, వీపు వెనక్కి వాల్చి, కాళ్లు ముందుకు చాపి కూర్చుంది.

"నువ్వు గూడ కాళ్లు జాపుకో" అంది. "గోడ లేకున్నా మంచిగున్నది."

అతను చాపాడు. తొట్టి పైదాకా పోయి, కిందికి దిగడం మొదలైంది. కింద ఫణిభూషణ్ నడినెత్తి కనబడింది. రాజలింగం అలవాటు కొద్దీ చూశాడు. మెడ మీద వెంట్రుకలు కాలరు దాటి దిగి ఉన్నాయి. నెత్తి మీద ఒక పక్క లేచి నిలబడ్డాయి. పదిహేను దినాల సంబరాల్లో ఆ మనిషికి కత్తెర తగిలినట్టు లేదు. రాజలింగం చెయ్యి సంచిలోకి పోయింది.

కనకవ్వ ఆ చెయ్యి పట్టుకుంది.

"ఇప్పుడే చెప్పకు" అంది. "ఇంకో పది చుట్లు తిరగనీ."